పదుగురిలో ఒకడు: ఒక సంఖ్య చరిత్ర

పొరుగువాని పొలములో ఎంత పంట పండినదో మనము గట్టున నిలిచి చూడవచ్చును; వాని ఇంట ఎందరు బిడ్డలున్నారో, వారిలో ఎందరు బడికి పోవుచున్నారో అడుగకయే తెలిసికొనవచ్చును; కాని తలుపు మూసికొన్న గదిలో మనుష్యులు ఎట్లు ప్రేమింతురో, ఎవరిని కోరుదురో, దేనికి భయపడుదురో కన్నులార చూచి తెలిసికొను మార్గము ఎవ్వరికిని లేదు. ఈ విషయమున ప్రతి మనిషికిని ప్రత్యక్షముగా తెలిసినది తన జీవితమొక్కటియే. తక్కినదంతయు ఇతరులు చెప్పగా విన్నది, చదివినది, నమ్మినది. కావుననే తక్కిన శాస్త్రములలో అడుగువానికిని ప్రకటించువానికిని లేని అధికారము ఇచ్చట వారికి సంక్రమించినది. భౌతికశాస్త్రమును గూర్చి పత్రిక తప్పు వ్రాసినచో గ్రహములు తమ గతిని మార్చుకొనవు; లైంగిక జీవితమును గూర్చి పత్రిక వ్రాసినది చదివి మనుష్యులు తమ్మును తాము చూచుకొను దృష్టినే మార్చుకొందురు. ఈ అధ్యాయమున నేను ఒక సంఖ్య కథను చెప్పదలచితిని. అది ఒక పరిశోధకుని గ్రంథములో అనేక నియమములతో పుట్టి, ఆ నియమములను ఒక్కొక్కటిగా వదలుకొని, డెబ్బది ఏండ్లకు పైగా లోకమంతటను సంచరించుచున్నది.

ఈ కథకు ఆద్యుడు ఆల్ఫ్రెడ్ కిన్సీ (1894–1956). అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడైన ఈయన, ఓక్ చెట్ల ఆకులమీదను కొమ్మలమీదను బుడిపెలు పుట్టించు ఒక తెగ చిన్న కందిరీగలను సేకరించుటలో ఇరువది సంవత్సరములు గడపెను. లక్షలకొలది కీటకములను కొలిచి, పోల్చి, ఒక్క జాతిలోనైనను ఏ రెండు ప్రాణులును సరిగా ఒక్కతీరుగా ఉండవనియు, భేదమే ప్రకృతి ధర్మమనియు ఆయన గ్రహించెను. 1938లో ఆ విశ్వవిద్యాలయమున వివాహమును గూర్చిన పాఠక్రమము ఆయన నాయకత్వమున ఆరంభము కాగా, విద్యార్థులు అడిగిన ప్రశ్నలకు ప్రమాణమైన సమాధానము ఏ గ్రంథమునను ఆయనకు దొరకలేదు. అప్పటికి ఉన్న వ్రాతలలో అధికభాగము చికిత్సకు వచ్చిన రోగులను చూచి వైద్యులు వ్రాసినవి, లేదా నీతి బోధించుటకై పెద్దలు వ్రాసినవి. రోగియు అపరాధియు కాని సామాన్య గృహస్థు ఏమి చేయుచున్నాడో విచారించినవారు బహుస్వల్పము. కీటకములను కొలిచిన చేతితోనే మనుష్యులను కొలువ వచ్చునని కిన్సీ తలచెను. అది ఆయన బలము. ఆయన దోషమునకును మూలము అదియే.

ఆయన ప్రశ్నించిన పద్ధతిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పక తప్పదు. అచ్చువేసిన ప్రశ్నపత్రమును పంచిపెట్టుట ఆయనకు ఇష్టము లేదు. ఎదుట కూర్చుండి, వందలకొలది ప్రశ్నలను కంఠస్థము చేసి, సమాధానములను ఇతరులకు తెలియని సంకేతలిపిలో ఒక్క కాగితముమీద గుర్తించుకొనుచు, చెప్పువాని ముఖము చూచుచు ప్రశ్నించెడివాడు. ఫలానా పని ఎప్పుడైనను చేసితిరా యని అడుగక, మొట్టమొదట ఎన్నడు చేసితిరని అడిగెడివాడు; చేయనివాడు చేయలేదని చెప్పవచ్చును గాని, చేసినవాడు దాచుటకు ప్రయత్నపూర్వకముగా అబద్ధమాడవలసియుండును. ఆయనయు, ఆయన సహచరులైన వార్డెల్ పామెరాయ్, క్లైడ్ మార్టిన్, పాల్ గెబ్‌హార్డ్‌లును కలిసి దాదాపు 18,000 మంది జీవితవృత్తాంతములను సేకరించిరి. అందులో సుమారు 8,000 కిన్సీ స్వయముగా కూర్చుండి విన్నవే. అంతమంది అపరిచితులు తమ రహస్యములను ఒక మనిషి చేతిలో పెట్టుటయు, ఆ రహస్యము బయటికి పొక్కకుండుటయు, నా అభిప్రాయమున, ఆయన ప్రచురించిన పట్టికలన్నిటికంటెను గొప్ప విషయము.

1948 జనవరిలో పురుషుల లైంగిక ప్రవర్తనను గూర్చిన మొదటి సంపుటము వెలువడినది. ప్రకటించినది ఫిలడెల్ఫియాలో వైద్యగ్రంథములు అచ్చువేయు సాండర్స్ సంస్థ. పుటలు ఎనిమిది వందలకు పైబడినవి. నిండుగా పట్టికలు, రేఖాపటములు. శైలి అత్యంత శుష్కము. అట్టి పుస్తకము రెండు మాసములలో రెండు లక్షల ప్రతులు అమ్ముడుపోయెను. 1953లో స్త్రీలను గూర్చిన రెండవ సంపుటము వచ్చునప్పటికి ఆచార్యుడు పత్రికలతో వ్యవహరించు విద్యను నేర్చియుండెను. విలేఖరులను బృందములుగా బ్లూమింగ్టన్ పట్టణమునకు రప్పించి, ముందుగా ప్రతులను చదువనిచ్చి, ఆగస్టు 20వ తేదీకి పూర్వము ఒక్క పంక్తియైనను ప్రకటింపబోమనియు, వ్యాసము 5,000 మాటలకు మించనీయమనియు వారిచేత ఒడంబడిక వ్రాయించుకొనెను. ఆ దినమున అమెరికా దేశములోని పత్రికలు పెక్కు ఒక్కసారిగా ఆ వార్తను మోసినవి. ఆ వారమే టైమ్ పత్రిక ముఖపత్రముమీద ఆయన చిత్రము వెలసినది. శాస్త్రజ్ఞుడు తన ఫలితములను పత్రికలకు ఇట్లు క్రమబద్ధముగా అందించుట ఈనాడు సామాన్యమే గాని, ఆనాడు అది అరుదు.

ఇక సంఖ్య సంగతి. మొదటి సంపుటము 5,300 మంది శ్వేతజాతి పురుషుల వృత్తాంతములపై ఆధారపడినది. వారిలో 37 శాతము, యౌవనారంభము మొదలు వార్ధక్యము వరకు ఎన్నడో ఒకప్పుడు పురుషునితో సంపర్కము కలిగి తృప్తి పొందినవారనియు, 10 శాతము, పదునారు మొదలు ఏబదియైదు సంవత్సరముల నడిమి వయస్సులో కనీసము మూడేండ్లపాటు దాదాపు పూర్తిగా స్వలింగ సంపర్కమునకే పరిమితులైనవారనియు, 4 శాతము మాత్రమే జీవితాంతము అట్లున్నవారనియు కిన్సీ వ్రాసెను. అంతేకాక మనుష్యులను రెండు గుంపులుగా విడదీయుటను ఆయన అంగీకరింపలేదు; సున్న మొదలు ఆరు వరకు ఒక కొలబద్దను ఏర్పరచి, అధికసంఖ్యాకులు భిన్నలింగ ప్రేమ కొనకు చేరువగా ఉండగా, కొందరు స్వలింగ ప్రేమ కొనయందును, చాలమంది నడుమ ఎచ్చటనో ఉందురనియు, ఒక్క మనిషియే జీవితములో చోటు మారవచ్చుననియు చెప్పెను.

పత్రికలలో మిగిలినది ఏమి? పదింట ఒకటి. శ్వేతజాతి అను మాట పోయినది; వయస్సు పోయినది; మూడేండ్ల నియమము పోయినది; కొంతకాలమునకు పురుషులు అను మాటయు పోయి, లోకములో పదుగురిలో ఒకరు స్వలింగ ప్రేమికులను వాక్యము మిగిలినది. ఇందులో విలేఖరి దురుద్దేశమును వెదకనక్కరలేదు. శీర్షికలో ఆరు మాటలకే చోటుండును. నియమము మాటల రూపమున ఉండును, సంఖ్య ఒక్క అంకె రూపమున ఉండును. మొదట బరువు తగ్గించుకొనవలసినది ఏదో చెప్పనక్కరలేదు. ఆ సంఖ్యను ఆలింగనము చేసికొన్నవారి అవసరమును కూడ తలంపవలెను. 1953 ఏప్రిలులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జారీ చేసిన ఆజ్ఞవలన స్వలింగ ప్రేమికులు ప్రభుత్వోద్యోగములనుండి తొలగింపబడుచుండిరి. తన వంటివాడు మరియొకడు ఈ భూమిమీద లేడని తలచి కుమిలిన యువకునికి, నీవంటివారు పదుగురిలో ఒకరున్నారని చెప్పిన అంకె ప్రాణాధారమైనదనుటలో అతిశయోక్తి లేదు. 1970 తరువాత హక్కుల ఉద్యమము దానిని తన పతాకముమీద వ్రాసికొనినది. ఆ ఉద్యమమును నేను మనసార గౌరవింతును. అయినను ఆ అంకె దానికి తగిన పునాది కాదని చెప్పవలసియున్నది.

ఏల కాదు? అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన ఇండ్లలో అందురు. అది నిజమే, కుండలోని బియ్యమంతయు ఒక్క నీటిలో, ఒక్క నిప్పుమీద, కలియబెట్టబడి ఉడికినది కావున. సమాజము అట్టి కుండ కాదు. కిన్సీకి దొరికినవారు తమంతట తాము ముందుకు వచ్చినవారు. అందులో ఇండియానా రాష్ట్రమువారు ఎక్కువ, చదువుకొన్నవారు ఎక్కువ, కారాగారవాసులు తమ జనసంఖ్యకు మించి ఎక్కువ. కందిరీగ సేకరించువానికి చిక్కకుండ పోవునేమో గాని, చిక్కిన కందిరీగ తన ఇష్టముచేత చిక్కదు. మనిషి ఇష్టపడియే చిక్కును, ఆ ఇష్టమే అతనిని తక్కినవారినుండి వేరుచేయును. ఆత్మవిశ్వాసము ఎక్కువ కలవారే ఇట్టి విచారణలకు ముందుకు వత్తురనియు, వారి ప్రవర్తనయు సగటుకంటె భిన్నమనియు మనస్తత్త్వవేత్త ఏబ్రహాం మాస్లో 1952లో చూపెను. సంఖ్య పెద్దదైనంత మాత్రాన ఈ దోషము తీరదు. 1936 అమెరికా ఎన్నికలలో లిటరరీ డైజెస్ట్ పత్రిక ఇరువది లక్షలకు మించిన ఓటర్ల జవాబులు చేతబట్టుకొని లాండన్ గెలుచునని ప్రకటింపగా, రూజ్‌వెల్ట్ అఖండ విజయము పొందిన సంగతి గణాంకశాస్త్ర విద్యార్థులందరికిని తెలిసినదే.

అమెరికా గణాంకశాస్త్ర సంఘము పక్షమున కాక్రన్, మోస్టెల్లర్, ట్యూకీ అను ముగ్గురు ఉద్దండులు కిన్సీ పద్ధతులను కూలంకషముగా పరీక్షించి, 1954లో తమ విమర్శను గ్రంథరూపమున వెలువరించిరి. ఆ విమర్శ న్యాయబుద్ధికి ఆదర్శప్రాయము. అంతకు పూర్వపు సర్వేలతో పోల్చిన కిన్సీ కృషి మేలైనదని వారు ఒప్పుకొనిరి. ప్రశ్నించిన నేర్పును మెచ్చుకొనిరి. కాని యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న చిన్న నమూనానైనను తీసికొని సరిచూడనిదే ఈ శాతములను దేశమునకంతటికి అన్వయింపరాదని తేల్చిచెప్పిరి. ఈ గ్రంథమునకు శీర్షికలు కట్టిన పత్రికలు అరుదు. ఆ సంవత్సరమే రాక్‌ఫెల్లర్ సంస్థ కిన్సీ పరిశోధనకు ధనసహాయము నిలిపివేసినది. దానికి కారణము నమూనాలోని లోపముకంటెను, స్త్రీలను గూర్చిన సంపుటముపై చెలరేగిన ఆగ్రహమును, దాతృసంస్థలపై అమెరికా శాసనసభ జరిపిన విచారణయు అనుట సత్యమునకు దగ్గరగా ఉండును. రెండేండ్లకు ఆయన కన్నుమూసెను.

గ్రంథము వలన కలిగిన మరియొక పరిణామమును సంఖ్యలలో చెప్పుటకు వీలులేదు. వేలకొలది పాఠకులు కిన్సీకి ఉత్తరములు వ్రాసిరి. వారిలో అనేకులు అడిగినది ఒక్కటే: నేను అందరివంటివాడనేనా? పూర్వము తన నడతను ధర్మశాస్త్రముతోనో, మతగురువు మాటతోనో సరిచూచుకొనెడి మనిషి, ఇప్పుడు పట్టికలోని సగటుతో సరిచూచుకొన మొదలుపెట్టెను. భేదమే ప్రకృతి ధర్మమని చెప్పవచ్చినవాని పుస్తకమే సగటును ప్రమాణముగా నిలుపుట ఆశ్చర్యకరము. కిన్సీ సంస్థలోనే పనిచేసిన జాన్ గాగ్నన్, విలియం సైమన్ అను సామాజికశాస్త్రజ్ఞులు 1973లో ఇంకను ముందుకు పోయి, కామము ఆవిరివలె లోపలినుండి తన్నుకొని వచ్చు శక్తి మాత్రము కాదనియు, ఎవరితో, ఎప్పుడు, ఎట్లు అనునది సమాజము నేర్పిన పాఠమేననియు వాదించిరి. అది నిజమైనచో పత్రికయు, సర్వేయు ఆ పాఠమును వ్రాయువారిలో చేరుచున్నవి.

మన దేశమున ఈ పాఠమును వ్రాయుట చాలవరకు పత్రికల పాలబడినది. గణితాచార్యుడుగా పనిచేసిన రఘునాథ ధోండో కర్వే 1927 మొదలు 1953లో మరణించువరకు ‘సమాజ్ స్వాస్థ్య’ అను మరాఠీ మాసపత్రికను నడపి, గర్భనిరోధమును గూర్చియు లైంగిక జీవితమును గూర్చియు పాఠకులు అడిగిన ప్రశ్నలకు నిస్సంకోచముగా జవాబులు వ్రాసెను. 1934లో ఆ జవాబులే అశ్లీలములని అభియోగము మోపబడగా, ఆయన పక్షమున వాదించినవాడు డాక్టర్ అంబేడ్కర్. ప్రశ్న పుట్టిన చోట జ్ఞానముతో కూడిన సమాధానము ఈయవలసినదే యని ఆయన చేసిన వాదము ఓడిపోయినది. కర్వే జరిమానా చెల్లించి పత్రికను కొనసాగించెను. తెలుగున విజయవాడ వైద్యుడు డాక్టర్ సమరం స్వాతి వారపత్రికలో చిరకాలము ఇట్టి ప్రశ్నోత్తరములను నిర్వహించెను. పెద్దలు నోరు విప్పని ఇండ్లలో ఆ పుట ఎందరు యువకులకు ఏకైక పాఠశాలయైనదో తలచుకొనిన, ఆ కృషిని చిన్నచూపు చూచినవారిపై నాకు కోపము వచ్చును. వీర్యము నశించుటవలన దేహము క్షీణించునను భయము మన దేశమున ఎంత ప్రబలమైనదనగా, దానివలన బాధపడువారి స్థితికి 1960లో మనోరోగవైద్యుడు విగ్ ఒక ప్రత్యేక నామమునే ఏర్పరచవలసివచ్చినది. గోడలమీద నరముల బలహీనతకు మందులమ్ము ప్రకటనలు ఆ భయమునే పెట్టుబడిగా నేటికిని వ్యాపారము చేయుచున్నవి.

లోకమును మరల లెక్కలవైపు త్రిప్పినది ఎయిడ్స్ వ్యాధి. ఎవరు ఎవరితో ఎంతమందితో సంబంధము కలిగియున్నారో తెలియనిదే వ్యాధి వ్యాప్తిని అంచనా వేయుట అసాధ్యము. అయినను ప్రభుత్వములు ఆ ప్రశ్న అడుగుటకు జంకినవి. బ్రిటనులో 1989లో థాచర్ ప్రభుత్వము ధనము నిరాకరింపగా వెల్‌కమ్ ట్రస్ట్ ముందుకు వచ్చి 18,876 మందిని విచారింపజేసినది. అమెరికాలో 1991లో సెనెటర్ జెస్సీ హెల్మ్స్ పట్టుబట్టి ప్రభుత్వధనమును అడ్డగింపగా, చికాగో పరిశోధకులు లౌమన్, గాగ్నన్ మొదలగువారు దాతృసంస్థలను ఆశ్రయించి, ఇరువది వేలమందిని విచారింపదలచినచోట 3,432 మందితో తృప్తిపడిరి. కాని వీరు యాదృచ్ఛికముగా ఎన్నుకోబడినవారు. ఎన్నుకోబడినవారిలో దాదాపు 79 శాతము జవాబు చెప్పిరి. అందుచేత ఈ చిన్న నమూనా కిన్సీ పెద్ద రాశికంటె నమ్మదగినది.

1994లో ఆ ఫలితములు వెలువడగా, తాను స్వలింగ ప్రేమికుడననియో ఉభయలింగ ప్రేమికుడననియో చెప్పుకొన్న పురుషులు 2.8 శాతము, స్త్రీలు 1.4 శాతము అని తేలినది. పత్రికలు పదికిని 2.8కిని యుద్ధము పెట్టినవి. ఒక పక్షము పది కూలిపోయెనని ఉత్సవము చేయగా, రెండవ పక్షము సర్వే అబద్ధమనెను. ఆ గ్రంథమును తెరచి చదివినవారికి ఇంతకంటె లోతైన విషయము కనబడును. యౌవనము మొదలు ఎన్నడైనను పురుషునితో సంబంధము కలిగినదా యని అడిగిన పురుషులలో 9 శాతము మంది ఔననిరి; మాట, చేత, కోరిక ఈ మూడింటిలో ఏ ఒక్కటియైనను కలవారిని లెక్కించిన సుమారు 10 శాతము. అనగా అడిగినది ఏమన్నదానినిబట్టి ఒక్క జనసముదాయమే 2.8యు అగును, తొమ్మిదియు అగును, పదియు అగును. ఇందులో ఏదియు అసత్యము కాదు. ఎంతమంది అను ప్రశ్నకు, ఏమి చేసినవారు, ఎన్నడు చేసినవారు, ఏమని చెప్పుకొన్నవారు అను హారము లేకుండ లవము మాత్రము వ్రాసి చూపుట భిన్నమును సగము వ్రాసి విడుచుటయే.

ఈ లెక్క తప్పినప్పుడు ఏమగునో తెలుగువారికి గుంటూరు నేర్పినది. 2006లో భారతదేశమున ఎయిడ్స్ క్రిమి సోకినవారు 57 లక్షలని ఐక్యరాజ్యసమితి సంస్థ ప్రకటింపగా, మనము దక్షిణాఫ్రికాను మించిపోతిమని పత్రికలు పెద్ద అక్షరములతో వ్రాసినవి. ఆ అంచనాకు మూలము ప్రభుత్వాసుపత్రులకు వచ్చు గర్భిణులయు, సుఖవ్యాధుల రోగులయు రక్తపరీక్షలు. ఆంధ్రప్రదేశ్ ఆనాడు వ్యాధి తీవ్రముగానున్న రాష్ట్రములలో అగ్రగణ్యము. ఆ కాలముననే డాక్టర్ లలిత్ దండోనా బృందము గుంటూరు జిల్లాలో ఆసుపత్రులకు పోక, పల్లెలకును పేటలకును పోయి, ఇండ్లనుండి యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న పన్నెండు వేలకు పైగా జనులను పరీక్షింపగా, పదునైదు మొదలు నలుబదితొమ్మిది ఏండ్లవారిలో సోకినవారు 1.72 శాతమని తేలినది. ప్రభుత్వ పద్ధతి చెప్పిన లెక్క దానికి రెండున్నర రెట్లు. వ్యాధి సోకినట్లు అనుమానమున్నవారు ప్రైవేటు ఆసుపత్రులనుండి ప్రభుత్వాసుపత్రులకు పంపబడుచుండుటయు, పేదలు అచ్చటనే చేరుటయు ఇందుకు ముఖ్యకారణములు. అదే సమయమున జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశమంతట లక్షకు మించిన జనులను పరీక్షించినది. 2007 జూలైలో ప్రభుత్వము తన అంచనాను సుమారు 25 లక్షలకు తగ్గించినది. ఒక్క దినమున ముప్పది లక్షలమంది రోగులు కాగితముమీదినుండి మాయమైరి. 57 లక్షల వార్తకు దక్కిన అక్షరముల పరిమాణము ఈ సవరణకు దక్కలేదు. గుంటూరునకు అంటిన అపకీర్తి తుడుచుకుపోవుటకు ఇంకను కాలము పట్టినది.

సంఖ్య పత్రికలనుండి న్యాయస్థానమునకు పోవుట ఈ కథలో తుది ఘట్టము. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను స్వలింగ సంపర్కమును నేరముగా పరిగణించెడిది. 2009లో ఢిల్లీ హైకోర్టు వయోజనుల అంగీకృత సంబంధములనుండి దానిని తొలగింపగా, ఆ తీర్పును 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఆరోగ్యశాఖ కోర్టుకు సమర్పించిన లెక్కలో పురుషులతో సంపర్కము కల పురుషులు 25 లక్షలు. అది వ్యాధినివారణ కార్యక్రమము నిమిత్తము వేసిన అంచనాయే గాని, దేశములోని ప్రజల కోరికలను గణించిన జనగణన కాదు. అయినను ఇట్టివారు దేశజనాభాలో అత్యల్పభాగమనియు, నూట ఏబది ఏండ్లలో అభియోగమునకు గురియై విచారింపబడినవారు రెండువందలైనను లేరనియు ఆ తీర్పులో వ్రాయబడినది. అమెరికాలో పదుగురిలో ఒకడను మాట ఎంతమందికి ధైర్యమిచ్చినదో, ఇచ్చట అత్యల్పభాగమను మాట అంతమందిని కృంగదీసినది. సంఖ్యను ఆశ్రయించి హక్కును అడిగినవాడు, సంఖ్యను చూపి హక్కును నిరాకరించినవానికి జవాబు చెప్పలేడు. ఇదియే నేను ఈ చరిత్రమంతటిలోను మిక్కిలి బాధతో గ్రహించినది.

జవాబు వేరొక త్రోవన వచ్చినది. 2017 ఆగస్టు 24న వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, కొద్దిమందియే యను కారణముచేత హక్కును నిరాకరించుట చెల్లదని స్పష్టముగా పలికెను. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, వయోజనులు పరస్పరాంగీకారముతో కలిగియుండు సంబంధములకు 377వ సెక్షను వర్తింపదని తీర్పు చెప్పిరి.